లివర్‌పూల్ నుంచి పుంగనూరు దాకా... ఒక పాత గుడి కోసం

సాయంత్రం పూట మా కార్వేటినగరంలో కూర్చోవడానికి స్కంద పుష్కరిణి మెట్లకు మించిన చోటు లేదు. ఆ రోజు కూడా అక్కడే కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. గోడకు బిగించిన రాతి పలక, దాని మీద వరసగా పేర్లు, పక్కన సంవత్సరాలు. పంపింది నా పాత రూమ్మేట్. సొంతూరు గుంటూరు జిల్లా ఫిరంగిపురం. చదువు కోసం లివర్‌పూల్ వెళ్ళాడు. ఫొటో కింద ఒక లైన్: 'మచ్చా, ఇక్కడ ప్రతి చర్చికీ ఇట్లాంటి పలక ఒకటుంది. మా నానమ్మ చెప్పే గుడి మీ జిల్లాలోనే ఉండాలి. వచ్చే నెల ఇండియా వస్తున్నా. తీసుకెళ్తావా?'

మచ్చా అనడం తిరుపతి హాస్టల్లో వాడు నా దగ్గర నేర్చుకున్నాడు. నానమ్మ సంగతి మాత్రం అప్పట్లో ఎప్పుడూ చెప్పలేదు.

వాళ్ళు కాథలిక్ రెడ్లు. వాళ్ళ నానమ్మ చిన్నప్పటి నుంచీ ఒకటే మాట చెప్పేదట. "మనం ఈ ఊరోళ్ళం కాదురా. మీ తాతల తాతలు పుంగనూరు సీమ నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. వచ్చేటప్పుడే మనం కథోలికులం." వీడు సగం నమ్మాడు, సగం నవ్వాడు. లివర్‌పూల్ వెళ్ళాక ఆదివారం పూజకు పోయినప్పుడల్లా ఆ పలకలు చూసి చూసి దురద మొదలైంది.

వాడు రేణిగుంటలో రైలు దిగాడు. మరుసటి రోజు తెల్లవారుజామునే మా ఊరి నుంచి బైక్ మీద బయల్దేరాం. చిత్తూరు, మొగిలి ఘాటు, పలమనేరు, ఆపైన పుంగనూరు.

దారిలో మొదటి గంటంతా 'విచారణ' అనే మాట మీదే గడిచింది. పల్లెకూ పేటకూ ఒక గురువును పెట్టి నడిపే దాన్ని ఇంగ్లీషులో పారిష్ అంటారు. తెలుగు కాథలిక్కులు దాన్ని విచారణ అంటారు. అక్కడి ఫాదర్ విచారణ గురువు. నాకు తెలిసిన విచారణ పోలీస్ స్టేషన్లో జరిగేదే. వాడు నవ్వి, "విచారించడం అంటే బాగోగులు చూసుకోవడం కూడా కదరా" అన్నాడు. నిజమే. మా అవ్వ కూడా ఎవరైనా జబ్బున పడితే "పోయి విచారించుకుని రాండ్రా" అనేది.

ఇక అసలు కథ. తెలుగు రేవుల్లో, మచిలీపట్నం లాంటి చోట్ల, యూరప్ వ్యాపారుల ఓడలతో పాటు కాథలిక్ గురువులు ముందే దిగారు. రేవు వదిలి లోపలికి, మెట్ట సేద్యం చేసే రాయలసీమ పల్లెల దాకా నడిచి వచ్చింది మాత్రం ఫ్రెంచి జెస్యూట్లు. వాళ్ళ మకాం పుదుచ్చేరి. దాన్ని కర్ణాటక మిషన్ అనేవాళ్ళు. కర్ణాటక అంటే ఇప్పటి పక్క రాష్ట్రం కాదు, ఆర్కాటు నవాబుల నాటి కర్నాటిక్. 1701లో ఫాదర్ మోదుయి అనే ఆయన వేలూరు, కోలారు వైపుగా తిరుగుతూ పుంగనూరు చూసి వెళ్ళాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే ఫాదర్ ద ల ఫొంతేన్ అక్కడ మకాం పెట్టాడు. పుంగనూరు పాలెగాళ్ళ ఊరు. వాళ్ళ ఇష్టం లేకుండా ఒక పరదేశి అక్కడ నాలుగు రోజులు ఉండలేడు.

పరదేశి అన్నానే గానీ, చూడ్డానికి వీళ్ళు పరదేశుల్లా ఉండేవాళ్ళు కాదు. మధురైలో 1606 నుంచి దె నోబిలి అనే ఇటలీ జెస్యూట్ చూపిన దారి వీళ్ళది. కాషాయం కట్టడం, మాంసం ముట్టకపోవడం, నేల మీద పడుకోవడం, తమను సన్యాసులని చెప్పుకోవడం. 'ఫిరంగి' అనే మాట మీద పడకుండా జాగ్రత్తపడేవాళ్ళు. ఫిరంగి అంటే గొడ్డు మాంసం తినేవాడు, తాగేవాడు అని ఇక్కడి వాళ్ళ లెక్క. ఇదంతా వింటూ మావాడు బైక్ వెనక నుంచి, "మరి మా ఊరి పేరే ఫిరంగిపురం కదరా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

చిత్తూరు దాటాక ఒక టీ బంకు దగ్గర ఆగాం. అక్కడ వాడు లివర్‌పూల్ కబుర్లు విప్పాడు. నేను ఊహించనివి.

మోదుయి పుంగనూరు వచ్చిన రోజుల్లో ఇంగ్లండ్‌లో కాథలిక్ గురువు పూజ చెప్తూ దొరికితే యావజ్జీవ జైలు. పట్టించినవాడికి 100 పౌండ్ల బహుమానం. 1700లో అమల్లోకి వచ్చిన చట్టం అది. కాథలిక్కులు చట్టబద్ధంగా గుడి నడుపుకోవడానికి అనుమతి 1791లో గానీ రాలేదు. లివర్‌పూల్లో 1746లో గుంపు వచ్చి వాళ్ళ చాపెల్‌ను నాశనం చేసింది. మళ్ళీ కట్టుకున్నప్పుడు బయటి నుంచి గోదాములా కనిపించేలా కట్టుకున్నారు. అంటే ఇంగ్లండ్‌లో గుడిని గోదాం వేషంలో దాచుకున్న కాలంలోనే, ఇక్కడ సీమలో ఒక తెలుగు పాలెగాడి ఊళ్ళో ఫ్రెంచి గురువు పూజ చెప్పుకున్నాడు! ఈ ముక్క విన్నాక టీ చల్లారిపోయినా నాకు తెలీలేదు.

తర్వాత లివర్‌పూల్‌ను కాథలిక్ నగరంగా మార్చింది రాజులు కాదు, ఆకలి. ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంట కుళ్ళిపోయి కరువొచ్చింది. 1847 ఒక్క ఏడాదిలోనే దాదాపు 3 లక్షల మంది ఓడల్లో ఆ రేవులో దిగారు. కొందరు అమెరికా పోయారు, పోలేనివాళ్ళు అక్కడే నేలమాళిగల్లో ఉండిపోయారు. టైఫస్ జ్వరం పట్టుకుంది. రోగుల దగ్గరికి వెళ్ళిన గురువుల్లో 10 మంది ఆ ఏడాదే చనిపోయారు. ఆ ఐరిష్ కూలీలు పైసా పైసా కూడబెట్టి పేటకొక విచారణ నిలబెట్టుకున్నారు. మావాడు పంపిన పలకలు వాళ్ళవే. నగరంలో కాథలిక్కుల పెద్ద కెథడ్రల్ 1967లో గానీ పూర్తి కాలేదు. గుండ్రంగా, పైన కిరీటంతో, చూడ్డానికి గుడారంలా ఉంటుంది.

"వాళ్ళకు పలకలైనా ఉన్నాయి. మనోళ్ళు బండ్లలో వెళ్ళిపోయారు" అన్నాడు.

ఎందుకు వెళ్ళిపోయారు? దానికి సగం జవాబు మేం టీ తాగిన దారిలోనే ఉంది. ఈ చుట్టుపక్కలే, నరసింగరాయనిపేట దగ్గర వేసిన దండులో 1782 డిసెంబరు 7న హైదర్ అలీ చనిపోయాడు. ఆ శతాబ్దమంతా ఈ ఘాటు దారి సైన్యాల దారే. మొఘలు సేనలు, మరాఠాలు, నవాబులు, మైసూరు వాళ్ళు, ఇంగ్లీషు కంపెనీ... ఎవరు ఎవరి మీదికి పోయినా మధ్యలో దున్నుకునే రైతు గాదె ఖాళీ. దానికి తోడు కరువులు. అందుకే 18వ శతాబ్దం మధ్య నుంచి చాలా కుటుంబాలు నల్లరేగడి వెతుక్కుంటూ గుంటూరు వైపు కదిలాయి. అందులో కాథలిక్ కుటుంబాలు కూడా ఉన్నాయి. నానమ్మ చెప్పిన బండ్లు అవే.

గురువుల పరిస్థితీ అంతే. 1764లో ఫ్రాన్స్ జెస్యూట్లను రద్దు చేసింది, 1773లో పోపే ఆ సంఘాన్ని మొత్తంగా రద్దు చేశాడు. ఉన్నవాళ్ళు ముసలివాళ్ళై పోయారు, కొత్తవాళ్ళు రాలేదు. విచారించేవాళ్ళు లేని విచారణలు మిగిలాయి.

మొగిలి ఘాటు ఎక్కుతుంటే చలిగాలి కొట్టింది. కింద మా ఊరి వైపు ఉక్క, పైన మరో లోకం. ఇక్కడి నుంచి దారి చీలి వెళ్తే వి.కోట, అంటే వెంకటగిరికోట. జెస్యూట్ల ఉత్తరాల్లో కనిపించే వెంకటగిరి, చీరల వెంకటగిరి కాదు, ఇదేనని చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. ఫాదర్ కల్మెత్ 1730లలో అక్కడి నుంచి ఉత్తరాలు రాశాడు. పారిస్‌లోని రాజుగారి లైబ్రరీ వాళ్ళు అడిగితే వేదాల రాతప్రతులు సంపాదించి పంపింది ఈయనే. యూరప్‌కు వేదాలు చేరిన తొలి దారుల్లో ఒకటి మన పలమనేరు కొండల మీదుగా పోయిందంటే, నాకైతే ఒళ్ళు పులకరించింది.

ఇంకొకాయన ఉన్నాడు. నాకు అందరికంటే నచ్చినాయన. ఫాదర్ కెర్దూ. 1732లో ఇండియా వచ్చి, తెలుగు పల్లెల్లో తిరిగి, తెలుగు, సంస్కృతం నేర్చుకున్నాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ ఇంత పోలిక ఎలా వచ్చిందని 1767లో పారిస్‌కు రాశాడు. విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట చెప్పి పేరు తెచ్చుకున్నది 1786లో. కెర్దూ రాసింది అచ్చయ్యేసరికి 1808. అప్పటికే పేరంతా జోన్స్‌ది. రీల్ ఒకడు తీస్తే వైరల్ ఇంకొకడు అయినట్టు.

కెర్దూ రాసిన మరో ఉత్తరం మా వైపు వాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. 1742లో ఆయన బట్టల మీద రంగులద్దే పద్ధతిని పూసగుచ్చినట్టు రాశాడు. కొత్త బట్టను కరక్కాయ, బర్రెపాలు కలిపి నానబెట్టడం దగ్గర నుంచీ అంతా. ఎక్కడో విన్నట్టుందా? కాళహస్తి కలంకారీ వాళ్ళను అడగండి, ఈ రోజుకీ కరక్కాయా పాలే. ఆ రహస్యం ఆయనకు చెప్పింది తన దగ్గర జ్ఞానస్నానం తీసుకున్న అద్దకం పనివాళ్ళు. ఫ్రాన్స్ మిల్లులకు అది పనికొచ్చింది. చెప్పిన పనివాళ్ళకు ఏం మిగిలిందో ఉత్తరంలో ఉండదు కదా. ఇక్కడ నాకు కెర్దూ మీద కొంచెం కోపం కూడా వచ్చింది.

వీళ్ళ చుట్టూ తెలుగు సాహిత్యమూ పుట్టింది. మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనం' అని క్రీస్తు కథను పద్యకావ్యంగా రాశాడు. రాయించింది నిడిమామిళ్ళ దాసయ అనే కాథలిక్. ఆ శతాబ్దంలోనే మా కార్వేటినగరం ఆస్థానంలో సారంగపాణి వేణుగోపాలస్వామి మీద పదాలు కడుతున్నాడు, అదీ వీధిలో మాట్లాడే తెలుగులో. ఒకరు కొండ కింద, మరొకరు కొండ పైన.

పుంగనూరు చేరేసరికి ఎండ ముదిరింది. పుంగనూరు అంటే మీకందరికీ పొట్టి ఆవులు గుర్తొస్తాయి. పాలెగాళ్ళ కోట, సుగుటూరు గంగమ్మ జాతర. మేం మాత్రం ఆవులు వదిలేసి వీధులు తిరిగాం. కోట చుట్టూ, పాత పేటల్లో, చెరువు కట్ట మీద. అడిగిన ప్రతి ఒక్కరూ ఒక చర్చి చూపించారు. అన్నీ మా నాన్న వయసువో, నా వయసువో. 1702 నాటి గోడ కాదు కదా, ఇటుక ముక్క కూడా మాకు దొరకలేదు. దొరుకుతుందని నేను అనుకోలేదు కూడా. అప్పటి గుళ్ళు చాలావరకు మట్టిగోడ, గడ్డి కప్పు. ఒక్క వాన చాలు, ఒక్క దండు చాలు.

మావాడి మొహం మాడిపోయింది. అప్పుడే ఒక టైలర్ షాపతను, "మా ఊర్లో ఒక తాతుండాడు. పాత ఉపదేశి. ఆయన్నడగండి" అని దారి చెప్పాడు. ఉపదేశి అంటే గురువు రానప్పుడు పల్లెలో ప్రార్థన చెప్పించి, పిల్లలకు జపాలు నేర్పేవాడు. టౌను దాటి ఆరేడు కిలోమీటర్లు. ఊరికి ఇవతల, విడిగా ఉన్న పేట. ఎస్సీ కాలనీ.

తాతకు ఎనభై దాటి ఉంటాయి. అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళిచ్చి, అంతా విన్నాడు. మావాడు ఉత్సాహంగా చెప్పుకుంటూ పోయాడు. మూడొందల ఏళ్ళు, ఫ్రెంచి గురువులు, బండ్లు. చెప్తూ చెప్తూ నోరుజారాడు.

"మా వాళ్ళు మొదట్లోనే కలిసినవాళ్ళు తాతా. కరువులో గోధుమల కోసం కలిసినవాళ్ళు కాదు."

అది వాడి మాట కాదు. వాళ్ళింట్లో తరతరాలుగా నలిగిన మాట. వాడికి నోట్లోంచి వచ్చాక గానీ తెలీలేదు. నేను నేల చూశాను.

తాత కోపపడలేదు. "నిజమే నాయనా. మేం మా జేజినాయన కాలంలో కలిసినాం. ఒక మాట అడగతా చెప్పు. మూడు నూర్ల ఏండ్ల కింద ఆ స్వాములు పుంగనూరుకు వచ్చినప్పుడు మావోళ్ళు యాడుండారు? ఈడనే ఉండారు. ఇదే పేటలో. మాకు చెప్పినోళ్ళు ఎవురు?"

దీనికి జవాబు ఆ కాషాయంలోనే ఉంది. సన్యాసి వేషం కట్టిన గురువు పేటలోకి బాహాటంగా అడుగుపెడితే ఊళ్ళోవాళ్ళు దగ్గరికి రానివ్వరు. కాబట్టి ఊరి వైపే ఉండిపోయారు. పై కులాల వాళ్ళు దూరమవుతారనే భయం. ఈ పద్ధతి మీద రోమ్‌లో దశాబ్దాల పాటు గొడవ నడిచింది. 1704లో తుర్నోన్ అనే రాయబారి పుదుచ్చేరిలోనే ఆంక్షలు పెట్టాడు. 1744లో పోపు తుది తీర్పు ఇచ్చి, అంటరానివాళ్ళని దూరం పెట్టినవాళ్ళ దగ్గరికి విడిగా గురువులను పంపమన్నాడు. విడిగా! కలిపి కాదు. తమిళనాడు వడక్కన్‌కుళంలో 1872లో కట్టిన చర్చి అయితే రెండు కాళ్ళ ప్యాంటులా ఉండేది. ఒక కాల్లో ఒక కులం, రెండో కాల్లో మిగతావాళ్ళు, పూజాపీఠం మాత్రం ఒక్కటే. మధ్య గోడ 1910లో గానీ కూలలేదు.

తెలుగు నేల మీద రెండో తలుపు తెరుచుకున్నది చాలా ఆలస్యంగా. 1875లో లండన్ శివారు మిల్ హిల్ నుంచి ఒక మిషన్ సంఘం వాళ్ళు వచ్చారు. ఒకప్పుడు గోదాముల్లో దాక్కుని పూజ చేసుకున్న దేశం నుంచి! ఫిరంగిపురంలో ఫాదర్ డీక్‌మన్ పాత కాథలిక్ కుటుంబాలను మళ్ళీ కూడగట్టాడు. 1876 తర్వాత వచ్చిన పెద్ద కరువు రోజుల నుంచి మాల మాదిగ పల్లెలు వేలల్లో సంఘంలోకి వచ్చాయి. 1928లో నెల్లూరు మేత్రాసనం వచ్చింది. దాన్నుంచి 1976లో కడప మేత్రాసనం విడిపోయింది, చిత్తూరు జిల్లా దాని కిందికి వచ్చింది. ఈ తాత ఆ విచారణల్లోనే ముప్పై ఏళ్ళు సైకిల్ తొక్కాడు.

"2022లో మన కడప మేత్రాసనం సామి కార్డినల్ అయినాడు, తెలుసునా?" అన్నాడు తాత. పూల ఆంథోనిగారి సంగతి. కడప మేత్రాసనం గురువుగా మొదలై, కర్నూలు పీఠాధిపతి, తర్వాత హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయ్యారు. తెలుగువాళ్ళలో తొలి కార్డినల్, దళితుల్లోనూ తొలి కార్డినల్. "ఆ దినం ఈ పేటంతా టీవీ ముందరే ఉండాం. మా కోడలు పాయసం చేసింది."

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, "తాతా, నేనన్న మాట తప్పు" అన్నాడు.

"కూసో అబ్బోడా, అన్నం తినిపోదురు" అన్నాడాయన.

రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, కోడికూర. తాత గోడకు పాత క్యాలెండర్లు, ఒక మరియమాత పటం, దాని పక్కనే ఒక నోటుబుక్కు మేకుకు వేలాడుతోంది. అడిగితే తీసిచ్చాడు. ఆ పేటలో జ్ఞానస్నానం పొందిన పిల్లల పేర్లు, తేదీలు, తల్లిదండ్రుల పేర్లు. అసలు రిజిస్టరు విచారణలో ఉంటుంది, ఇది తన లెక్క. నీలం ఇంకు, వరస తప్పని అక్షరాలు. పేర్లు, పక్కన సంవత్సరాలు. మావాడు ఫొటో తీసుకోవచ్చా అని అడిగి, మళ్ళీ తనే వద్దనుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టేశాడు.

తిరుగు దారిలో ఘాటు దిగేముందు ఆపమన్నాడు. నానమ్మకు వీడియో కాల్ చేశాడు. సిగ్నల్ తెగుతూ అతుక్కుంటూ ఉంది.

"గుడి దొరికిందా?"

"లేదు నానమ్మా."

"మనోళ్ళు ఎవరైనా ఉన్నారా ఆడ?"

"ఉన్నారు. ఒక ఉపదేశి తాత. వాళ్ళింట్లోనే అన్నం తిన్నాం."

"ఏమోళ్ళు?"

వాడు చెప్పాడు. దాచలేదు, మెత్తగానూ చెప్పలేదు. అవతల ఆమె మొహం స్క్రీన్ మీద అలా ఆగిపోయింది. సిగ్నల్ వల్లో, నిజంగానేనో మాకు తెలీలేదు. కాసేపటికి గొంతు వచ్చింది.

"ఏం పెట్టారు?"

"సంగటి."

"నెయ్యి వేశారా? సంగటి నెయ్యి లేకుండా తినకూడదురా. మా అత్త ఎప్పుడూ చెప్పేది, మన సీమ సంగటి అని."